గోడ మీద ఒకటి

కడప,
16 జూలై 2006

ముబీనా మహారాణికి,

కర్నూల్లో పక్కపక్క ఇళ్లలో ఉన్నన్నాళ్లూ పిట్టగోడ మీద నుంచి ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొచ్చేదానివి. ఆలూరులో టీచరమ్మవయ్యాక జాబుకు జాబు రాసే తీరిక కూడా లేకుండా పోయింది నీకు. సెల్లు చేద్దామంటే సిగ్నలు కోసం మిద్దెక్కాలంటావు. అందుకే ఈ కాగితం. ఈసారి జవాబు రాలేదంటే రంజానుకు మీ ఇంటికి పోయి నీ వాటా సేమ్యా కూడా నేనే తినేసి వస్తాను.

ఒక మంచి కబురు చెప్పాలి. నాలుగు జిల్లాల బడి లెక్కలు కలిపి హైదరాబాదుకు పంపడం మా ఆఫీసు పని అని నీకు తెలుసు కదా. పంపుతాం, అక్కడ పుస్తకం అచ్చేస్తారు, ఆ పుస్తకం తిరిగి మా బీరువాలోకే వచ్చి పడుకుంటుంది. నువ్వు చదువు చెప్పే ప్రత్యేక అవసరాల పిల్లల లెక్కయితే మరీ అన్యాయం. ఫలానా బడికి ర్యాంపు కట్టామని రాస్తారు. అక్కడికి పోతే ర్యాంపూ ఉండదు, ఎవరి కోసం కట్టామన్నారో ఆ పిల్లవాడూ ఉండడు. ఊరివాళ్లకు లెక్క తెలిస్తే కదా నిలదీసేది? సమాచార హక్కు చట్టం ఎటూ వచ్చింది. వాళ్లు అడిగేదాకా ఆగడం ఎందుకు, మనమే ముందుగా చెప్పేద్దామని నేనొక నోటు పెట్టాను. ప్రతి బడి గోడ మీదా పెద్ద బోర్డు రాయించాలి. ఆ ఊళ్లో ఏ లోపం ఉన్న పిల్లలు ఎంతమంది, అందులో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, వాళ్లకు సర్కారు ఏమిచ్చింది. పేర్లు ఉండవు, అంకెలు మాత్రమే.

ఈ ఆలోచన నాకెక్కడిదో చెప్పుకో. మా నాన్న అంగడి ముందర రోజూ పప్పు ధర, నూనె ధర పలక మీద రాసి తగిలిస్తాడు చూడు, అక్కడిది. పలక పెట్టినప్పటి నుంచి గిరాకీలు ఆయనతో గొడవ పడటం మానేశారు. సర్కారు కూడా అట్లా పలక పెట్టాలి అనిపించింది. నా నోట్ల మీద ‘చూచితిని’ అని తప్ప ఇంకేమీ రాయని రాఘవేంద్రప్రసాద్ సారు ఈసారి ‘బాగున్నది, అమలు చేయుము’ అని రాశాడు. ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

నీ
వాసవి


ఆలూరు,
5 ఆగస్టు 2006

వాసవీ,

కేశవులు శెట్టిగారి బిడ్డవనిపించుకున్నావు. సర్కారును కూడా అంగట్లో కూర్చోబెట్టావు. పోనీలే, నీ బోర్డు మంచిదే. ఇక్కడ నేను అడిగితే పలికేవాడు లేడు, ఊరు ఊరంతా అడిగితే అప్పుడైనా పలుకుతారేమో.

నా సంగతి చెబుతాను. ఆలూరులో ఒక గది ఇచ్చారు, దానికి కేంద్రం అని పేరు. మిగతా రోజులు పల్లెలు తిరగడమే. బేస్తవారం నాది కరిగుడ్డం. అక్కడ మాబున్ని అని ఒక పిల్ల ఉంది, తొమ్మిదేళ్లది. మాటలు ఆలస్యంగా వచ్చాయి, చదువు ఇంకా ఆలస్యంగా వస్తోంది. నవ్వు మాత్రం అందరికంటే ముందే వస్తుంది. మొదట్లో నేను వస్తున్నానని తెలిస్తే చాలు, వాళ్లమ్మ బీబమ్మ పిల్లను ఎవరింటికో పంపేసేది. నేనూ పట్టు వదలలేదనుకో. ఆదోని వైద్య శిబిరంలో చూపిస్తే తప్ప పిల్ల లెక్కలోకి రాదు, లెక్కలోకి రాకపోతే నేను ఆ ఊరికి పోవడానికి లేదు. బీబమ్మ నా చెయ్యి పట్టుకుని, “రాయించుకుంటే రేపు ఊరంతా చెప్పుకుంటారు టీచరమ్మా. మా పాప మెల్లగ నేర్చుకుంటాది, అంతే” అంది. పేరు ఎక్కడా బయటికి రాదని నేను మాటిచ్చాను. అప్పుడు ఒప్పుకుంది.

ఇప్పుడు మాబున్నికి తన పేరు రాయడం నేర్పుతున్నాను. ‘మా’ వచ్చేసింది. పలకంతా ‘మా’లే. ఆ పిల్ల నాన్న గౌస్ పీర్ బోర్డులు రాసే పెయింటరు. మంత్రాలయం లాడ్జీల బోర్డుల నుంచి ట్రాక్టర్ల వెనక దేవుడి పేర్ల దాకా ఈ పక్క కనబడే మంచి అక్షరమంతా ఆయనదే. అక్షరానికి ఎర్రరంగు నీడ వేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఈ మండలంలో నీ బోర్డులన్నీ ఆయనకే ఇవ్వాలని మా ఎంఈఓతో పోట్లాడి ఒప్పించాను. తండ్రికి పని, కూతురికి చదువు. రెండూ మన చేతి మీదుగానే జరుగుతున్నాయి, తెలుసా.

నీ
ముబీనా


కడప,
2 సెప్టెంబరు 2006

ముబీనా,

ఊరూరి అంకెల కాగితాలు పంపించాం, మీ ఎంఈఓకు అందాయా? మీ పెయింటరుకు చెప్పు, అంకెలు దూరానికి కూడా కనబడాలి. మొదటి బోర్డు ఫోటో నాకు కావాలి. నా టేబులు అద్దం కింద పెట్టుకుంటాను.

వాసవి


ఆలూరు,
30 అక్టోబరు 2006

వాసవీ,

ఫోటో అడిగావు. పంపడం లేదు.

గౌస్ పీర్ మండలమంతా రాసుకుంటూ వచ్చి, తన ఊరి బోర్డు చివరికి పెట్టుకున్నాడు. సొంత ఊరిది కదా, నిదానంగా, అందంగా రాయాలని. ఏ ఊరికి పోయినా అవే వరుసలు, అవే మాటలు. రాసి రాసి ఆయనకు అవి మాటల్లాగా కాక గీతల్లాగా కనబడుతున్నాయట. ‘బుద్ధిమాంద్యం’ అని రాశాడు. ‘బాలురు 0’ అని రాశాడు. ‘బాలికలు 1’ అని రాసి, ఆ ఒకటికి ఎర్రనీడ కూడా వేశాడు. నిచ్చెన దిగి కుంచె కడుక్కుంటూ తల పైకెత్తి చూశాడు. అప్పుడు అర్థమైంది.

అప్పటికే పిల్లలు గుమిగూడారు. ఆ ఒకటి ఎవరని ఒకడు అడిగాడు, ఎవరో ఇంకొకడు చెప్పాడు. తండ్రి పక్కనే ఉన్నాడని కూడా చూసుకోలేదు.

మరునాటి నుంచి బళ్లో మాబున్నిని అందరూ ‘ఒకటి’ అని పిలవడం మొదలుపెట్టారు. ఒకటీ ఇట్లా రా, ఒకటీ నీళ్లు తే. మొదటి రోజు ఆ పిల్ల నవ్విందట వాసవీ. తనకు కొత్త పేరు పెట్టారనుకుంది. పిలిచిన ప్రతిసారీ పోయి నిలబడింది. పెద్దపిల్లలు ఆమెను గోడ దగ్గరికి తీసుకుపోయి ఆ అంకె చూపించి, ఇది నువ్వే అని చెప్పారు. ఏడ్చింది ఎప్పుడంటే, ఇంటికి పోయి ఆ కొత్త పేరు అమ్మకు చెప్పినప్పుడు బీబమ్మ చెంప మీద కొట్టింది, అప్పుడు.

గౌస్ పీర్ పోయి ఆ అంకె మీద సున్నం కొట్టాడు. సర్కారు బోర్డు చెడగొడితే తన మెడకు చుట్టుకుంటుందని హెడ్మాస్టరు లేవి సారు భయపడి మళ్లీ రాయమన్నాడు. గౌస్ పీర్ రాయనన్నాడు. పిల్లను బడి మాన్పించాడు. పండక్కి నేను సేమ్యా తీసుకుని వాళ్లింటికి పోతే బీబమ్మ గడప లోపలి నుంచే మాట్లాడింది.

“పేరు రాదంటివి. రాలేదులే టీచరమ్మా. పేరన్నా వచ్చింటే బాగుండు, పేరు పెట్టి పిలిచేవోళ్లు.”

సేమ్యా అట్లాగే తీసుకుని వచ్చేశాను. నీ బోర్డు తీయించు.

ముబీనా


కడప,
8 నవంబరు 2006

ముబీనా,

నీ జాబు చదివి బాధపడ్డాను. కానీ కొంచెం నిదానంగా ఆలోచించు. ఆ పిల్ల సంగతి కరిగుడ్డంలో ఎవరికి తెలియదు? ఊరందరికీ తెలిసిందాన్నే బోర్డు చెప్పింది తప్ప కొత్తగా ఏమీ చెప్పలేదు. అంకె పేరు కాదు. పిల్లలు నాలుగు రోజులు అంటారు, మరిచిపోతారు. మనం కూడా చిన్నప్పుడు ఎవర్నీ ఏమీ అనకుండానే పెరిగామా?

ఇంకో పక్క కూడా చూడు. జమ్మలమడుగు దిక్కున ఓబులమ్మ అని ఒకావిడ తన ఊరి బోర్డు చూసి, చెవి మిషను ఇచ్చినట్టు రాశారే, నా కొడుక్కేదీ అని ఎంఈఓ ఆఫీసు ముందు కూర్చుంది. వారంలో మిషను వచ్చింది. బోర్డు లేకపోతే ఆ పిల్లవాడికి ఇప్పటికీ వినబడేది కాదు. ఒక ఊళ్లో ఒక ఇంట్లో కష్టం కలిగిందని నాలుగు జిల్లాల బోర్డులు తీయించమంటే ఎట్లా?

సున్నం కొట్టిన విషయం మీద లేవి సారుకు మెమో రాకుండా ఆపాను. ఇంతకంటే నా చేతిలో లేదు.

వాసవి


ఆలూరు,
20 నవంబరు 2006

గణాంక విభాగం, కడప,
వాసవి గారికి,

తమరి లేఖ అందినది. కరిగుడ్డం ప్రాథమిక పాఠశాలకు సంబంధించి తమరికి తెలియజేయునది ఏమనగా: బోర్డు ప్రకారము బుద్ధిమాంద్యము గల బాలికలు ఒకరు. బడికి వచ్చుచున్నవారు ఎవరూ లేరు. సదరు బాలిక తండ్రి మండలములో ఇకపై ప్రభుత్వ బోర్డులు రాయనని చెప్పియున్నారు. బోర్డు మీద ఏ అంకె ఉంచవలెనో తెలుపగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు,
ముబీనా,
ప్రత్యేక ఉపాధ్యాయిని


కడప,
19 డిసెంబరు 2006

ముబీనా,

ఆ ‘తమరి’ జాబు నన్ను కొట్టినట్టే కొట్టింది. అందుకే చెప్పకుండా బస్సెక్కి ఆలూరు వచ్చేశాను. నువ్వు తలుపు తీసి ఉగ్గాని కలిపి పెట్టావు చూడు, అది తింటూ నీ మొహంలోకి చూడలేకపోయాను. కరిగుడ్డం నుంచి వచ్చేటప్పుడు బస్సులో నీతో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

గౌస్ పీర్ నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ దులిపి వేశాడు, టీ తెప్పించాడు. “పెద్ద ఆఫీసులో ఉండారంట. శానా దూరం వచ్చినారు” అన్నాడు. అంతే. నేను క్షమించమని అడగాలని నోట్లోనే అనుకుంటూ టీ తాగేసి లేచాను. మాబున్ని తలుపు వెనక నుంచి నా సంచీ మీద ఉన్న అద్దాల కుట్టునే చూస్తోంది. నేను పిలిచేసరికి లోపలికి పోయింది. ఆఫీసులో కూర్చుని అంకె పేరు కాదని నీకు రాసినదాన్ని నేనే. ఆ వాకిట్లో నిలబడితే ఆ అంకెకు ఎంత బరువుందో తెలిసింది. సిగ్గుగా ఉంది ముబీనా.

ఒక ఉపాయం తోచింది. ఏ ఊళ్లో అయినా, ఏ వరుసలో అయినా పిల్లలు ఐదుగురికంటే తక్కువుంటే అంకె వేయకూడదు, ఉత్త గీత పెట్టాలి. పది మంది ఉంటే ఎవరనేది ఎవరూ చెప్పలేరు. ఒకరో ఇద్దరో ఉన్నచోటే ఈ పీడ. గీతను పట్టుకుని ఎవరూ ఎవరినీ పిలవలేరు కదా. ఏమంటావు?

నీ
వాసవి


ఆలూరు,
6 ఫిబ్రవరి 2007

వాసవీ,

గీత మంచిదే. కానీ గోడ మీద ఒక్కటే పెడితే చాలదు. రేపు ఎవరో దరఖాస్తు పెట్టి కాగితాలు తీస్తారు, ఇంకెవరో హైదరాబాదు పుస్తకంలో చూస్తారు. ఆ అంకె ఏ కాగితంలోనూ ఎవరి కంటికీ కనబడకుండా చెయ్యి. బీబమ్మకు నేను రెండోసారి మాటివ్వాలి. ఈసారి అది తప్పితే ఆ ఊరి పొలిమేర తొక్కను.

పీర్ల పండగ నాడు మాబున్ని బయటికొచ్చింది. పీర్లు లేచినప్పుడు ఊరు ఊరంతా, అన్ని ఇళ్లవాళ్లూ గుండం చుట్టూ ఉన్నారు. ఆ సందట్లో ఎవరికీ ఒకటి, రెండు గుర్తు రాలేదు. నా కొంగు పట్టుకుని తిరిగింది. ఆ ధైర్యంతోనే గౌస్ పీర్‌ను అడిగాను, బడికి వద్దులే, బేస్తవారం నేనే ఇంటికొచ్చి చెప్తానని. ఆయన కాదనలేదు. ‘మా’ పక్కన ‘బు’ కూడా వచ్చింది. ‘మాబు’ అని రాసి చదివి చూపిస్తోంది. మిగిలింది ‘న్ని’. ఆ ఒత్తు దగ్గర పలకను నా మీదికి తోసేస్తుంది, నువ్వే రాసుకో అన్నట్టు.

నీ
ముబీనా


కడప,
22 ఏప్రిల్ 2007

ముబీనా,

నువ్వు చెప్పినట్టే చేశాను. సారు ముందు కొంచెం సణిగాడు, నేను వదల్లేదు. బయటికిచ్చే కాగితం ఒకటి, ఆఫీసు కాగితం ఒకటి అని రెండు రకాలుంటే ఎప్పుడో ఒకరోజు తప్పు కాగితం బయటికి పోతుంది. అందుకని ఒకే రకం పెట్టాను. మండలాల నుంచి మాకొచ్చేటప్పుడే గీత, మేము హైదరాబాదుకు పంపేదాంట్లోనూ గీత. బీబమ్మకు ధైర్యంగా మాటివ్వు. బడులు తెరిచేలోపు బోర్డులు కూడా మార్చి రాయిస్తారు.

ఎండకు మా గదిలో కంప్యూటరు మొరాయిస్తోంది, నాకు మాత్రం చాన్నాళ్లకు నిద్ర పడుతోంది.

నీ
వాసవి


ఆలూరు,
11 ఆగస్టు 2007

వాసవీ,

ఈసారి మిఠాయి నువ్వే కొనుక్కో, దుడ్లు నేనిస్తాను. మాబున్ని మళ్లీ బళ్లో ఉంది.

ఆ గీతను గౌస్ పీరే రాశాడు. సర్కారు బోర్డులు రాయనన్న మనిషి, ఈ ఒక్కటీ నేనే రాస్తానని నిచ్చెన తెచ్చుకున్నాడు. పాత అంకె మీద కొట్టిన సున్నం గీకి, దాని మీద తెల్లరంగు పూసి, గీత పెట్టాడు. నీడ వేయలేదు. పిల్లలు దాన్ని తలెత్తి కూడా చూడలేదు. ఎప్పుడైనా ఒకడు ‘ఒకటీ’ అంటాడు, లేవి సారు కసురుకుంటాడు. మాబున్ని మాత్రం ఆ మాట వినబడితే ఇప్పటికీ తిరిగి చూస్తుంది. అది పోతుందిలే. ‘న్ని’ సగం వచ్చింది. దసరా లోపు తన పేరు మొత్తం రాసి నీకు జాబు పంపిస్తానని పందెం వేస్తున్నాను.

నీ
ముబీనా


ఆలూరు,
14 డిసెంబరు 2007

వాసవీ,

దసరాకు పంపిస్తానన్న జాబు పంపలేదు, ఇదే అందుకో.

నిన్న ఎంఈఓ ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. పిల్లలు లేని మండలాల్లో ప్రత్యేక కేంద్రాలు మూసేసి, టీచర్లను పిల్లలున్న మండలాలకు పంపాలట. నన్ను ఓర్వకల్లుకు వేశారు. జనవరి పదిహేనుకు అక్కడ చేరాలి. కాంట్రాక్టు ఉద్యోగం, కాదంటే ఇంటికి పొమ్మంటారు. ఉత్తర్వు వెనక పట్టిక ఉంది. మా మండలం ఎదురుగా అర్హులైన పిల్లలు అన్నచోట సున్నా ఉంది.

సున్నా అంటే నాకు అర్థం కాలేదు. నా చేతి మీదుగా పలక పట్టిన పిల్లలంతా ఎక్కడికి పోయారు? కరిగుడ్డం మాబున్ని, సంత గేరి వీధిలో కళ్లు కనబడని హంపమ్మ మనవడు, కేంద్రానికి వాళ్ల నాన్న సైకిలు మీద తెచ్చి దించే పిల్లవాడు, వీళ్లంతా ఎవరు? నీ ఆఫీసు నుంచి పోయిన లెక్కే కదా అది. ఒకసారి చూసి చెప్పు. పొరపాటయితే దిద్దించు. నేను సామాను సర్దుకోవడం లేదు.

ముబీనా


కడప,
3 జనవరి 2008

ముబీనా,

పొరపాటు కాదు. పొరపాటయితే ఎవరినైనా తిట్టుకుని దిద్దించేదాన్ని.

మీ మండలంలో ఏ ఊరికి ఆ ఊరు చూస్తే, ఏ వరుసలోనూ ఐదుగురు లేరు. ఊరికొకరు, ఇద్దరు. ఊళ్లు దూరం దూరం, జనం తక్కువ. కాబట్టి మీ మండలం కాగితం నిండా గీతలే. హైదరాబాదులో కంప్యూటరు గీతను కూడదు. కూడితే మిగిలింది సున్నా. అసలు అంకెలున్న కాగితం మా దగ్గర ఉంటే కదా చూపించడానికి! రెండు రకాలు వద్దని, ఒకే రకం చాలని పట్టుబట్టి చేయించింది నేనే. ఏ కాగితంలోనూ కనబడకూడదని నువ్వడిగావు, నేను అంతకంటే శ్రద్ధగా చేశాను. చుట్టుపక్కల పెద్ద ఊళ్లున్న మండలాలన్నీ బాగానే ఉన్నాయి. పిల్లలు చెదిరి ఉన్న మండలాలే పోయాయి, మీదొక్కటే కాదు.

హైదరాబాదు పోయి వచ్చాను. ఆ సెక్షను ఆఫీసరు మంచివాడే, కూర్చోబెట్టి విన్నాడు. “మీరు పంపిన లెక్క ప్రకారమే చేశామమ్మా. లెక్క మళ్లీ సెప్టెంబరులో తీస్తారు, అప్పుడు సరిచేసి పంపండి” అన్నాడు. నేను మండలాల నుంచి అంకెలు మళ్లీ తెప్పించి ఇప్పుడే ఇస్తానన్నాను. అచ్చయిన పుస్తకానికి మధ్యలో దిద్దుబాటు లేదట.

వాళ్లకు పదేళ్ల పిల్ల చదువులో ఒక సంవత్సరం అంటే ఏమిటో నేను చెప్పలేకపోయాను. మనిద్దరం ఆ పిల్ల మీద ప్రేమతోనే అన్నీ చేశాం. ముందు గోడకెక్కించాం, తర్వాత తుడిచేశాం. ఆ తల్లిదండ్రులు ఏం కావాలంటున్నారో రెండుసార్లూ కూర్చుని అడగలేదు. నాన్న అంగడి పలక మీద కందిపప్పు ధర రాస్తే కందిపప్పుకు నొప్పి లేదు. అంత చిన్న సంగతి నాకు తట్టకపోయింది.

నువ్వు ఓర్వకల్లులో చేరు. ఉద్యోగం పోగొట్టుకోవద్దు. నేను ఇక్కడ వదిలిపెట్టను.

వాసవి


ఓర్వకల్లు,
20 జనవరి 2008

వాసవీ,

చేరాను. కర్నూలు దగ్గరే కాబట్టి అమ్మకు సంతోషం. ఇక్కడ కూడా పిల్లలున్నారు, వాళ్లకూ నేను కావాలి. నీ మీద కోపం లేదు. కోపం తెచ్చుకోవాలంటే ముందు నా మీదే తెచ్చుకోవాలి, ఏ కాగితంలోనూ కనబడకూడదని రాసిన చెయ్యి నాది.

వచ్చేముందు చివరి బేస్తవారం కరిగుడ్డం పోయాను. బీబమ్మతో చెప్పాను. “గోడ మీద ఉన్నెప్పుడు బడికి పోనీయకపోతిరి, గోడ మీద నుంచి తీసేస్తే టీచరమ్మనే లేకుండా చేస్తిరి. మా పాప యాడుండాల టీచరమ్మా?” అని అడిగింది. నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

మాబున్ని వాకిలి దాకా వచ్చి, వచ్చే బేస్తవారం వస్తావా అన్నట్టు పలక ఎత్తి చూపించింది. వస్తానని చెప్పాను. వాసవీ, ఎందుకు చెప్పానో తెలియదు.

ముబీనా


కడప,
9 జూన్ 2008

ముబీనా,

కబురు తెలిసిన వెంటనే రాస్తున్నాను. ఇకనుంచి ఊరి అంకె గోడ మీద ఉండదు. గోడ మీద మండలం మొత్తం మాత్రమే రాస్తారు. ఊరి అంకె అసలుది హైదరాబాదుకు వేరే కవరులో పోతుంది. ఏ ఇంటివాళ్లనయినా అడిగి, వాళ్లు సరే అంటేనే ఏదైనా బయట పెడతారు. దీని కోసం సారు బల్ల ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో నీకు చెప్పను. సెప్టెంబరు లెక్క తర్వాత ఆలూరు కేంద్రం మళ్లీ తెరుస్తామన్నారు. కొత్త టీచరు ఎవరైనా రావచ్చు, నిన్నే వేయించాలని ప్రయత్నిస్తున్నాను.

గౌస్ పీర్ ఇంట్లో చెప్పి రాగలవా? నాకు ఆ గడప తొక్కే మొహం లేదు. మాబున్ని ‘న్ని’ దాకా వచ్చిందో లేదో కూడా చూసి రాయి. పందెం నువ్వే గెలవాలి.

నీ
వాసవి


ఓర్వకల్లు,
29 జూన్ 2008

వాసవీ,

సెలవు పెట్టి పోయి వచ్చాను. బేస్తవారమే పోయాను.

నీ కబురు చెప్పాను. గౌస్ పీర్ విని తల ఊపాడు. మంచిదన్నాడు. బీబమ్మ లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది, ఈసారి గడప లోపలికే పిలిచి ఇచ్చింది.

మాబున్ని ఉగాది నుంచే బడికి పోవడం లేదట. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ గేలి చేయలేదు. లేవి సారు ఒక్కడే అన్ని తరగతులూ చూసుకోవాలి. ఆయనకు తీరదు, ఆమెకు అర్థం కాదు. వెనక కూర్చుని కూర్చుని, ఒకరోజు ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు వాళ్ల నాన్న రంగులు కలుపుతుంటే డబ్బా పట్టుకుంటుంది. ఎత్తు పెరిగింది. మొదట నన్ను గుర్తుపట్టలేదు. నా సంచీలో పలక చూశాక నవ్వింది.

నా పక్కనే కూర్చుంది. ‘మా’ రాయమన్నాను. బలపం పట్టుకుని పలక వైపు చూసింది, నా వైపు చూసింది. నేను చెయ్యి పట్టుకుని ఒకసారి దిద్దించాను. వదిలేస్తే బలపం కదల్లేదు. ‘బు’ కూడా అంతే. రెండేళ్ల బేస్తవారాలు ఎట్లా వచ్చాయో అట్లాగే పోయాయి. నాకు ఏడుపొచ్చింది, తొందరపడి చెరిపేసి, సరే పోనీలే, నీ పేరు నీకు ఎట్లా వస్తే అట్లా రాయి అన్నాను.

ఈసారి ఆలోచించలేదు. పలక ఒళ్లో పెట్టుకుని, పై నుంచి కిందికి నిలువుగా ఒక గీత గీసింది. దాని పక్కనే, వాళ్ల నాన్న నీడ వేసినట్టు, ఇంకో సన్నగీత గీసింది. పలక నా చేతికిచ్చి నవ్వింది.

గౌస్ పీర్ చేతిలో కుంచె పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. పిల్ల ఇంకా నా మొహంలోకే చూస్తోంది, మెచ్చుకుంటానని.

బాగా రాశావని చెప్పాను.

ముబీనా